బడిని బట్టి కాపురం

బడులు తెరిచే జూన్ 12వ తేదీ దగ్గరపడుతోంది. ఈ రోజుల్లో మన నెల్లూరు జిల్లా మెట్ట మండలాల్లో ఎక్కడ నలుగురు చేరినా రెండే మాటలు. ఒకటి వానల గురించి. రెండోది, "ఈ ఏడు పిల్లల్ని యాడ చేరుస్తుండారు?" అని. ఆ రెండో ప్రశ్నకు ఊళ్లో బడి పేరు చెప్పేవాళ్లు బాగా తగ్గిపోయారు. కావలి అంటారు, ఆత్మకూరు అంటారు, నెల్లూరు అంటారు. కాస్త చేతిలో డబ్బు ఆడేవాళ్లయితే హైదరాబాదు, బెంగుళూరు అంటారు. మే నెలాఖరులో కొండాపురం నుంచి కావలి పోయే రోడ్డు మీద ఒక గంట నిలబడండి. మినీ లారీలో ఒక బీరువా, రెండు మంచాలు, గ్యాస్ సిలిండరు, టీవీ, వాటి సందులో ఒద్దికగా కూర్చున్న ఇద్దరు పిల్లలు కనపడతారు.

సంసారం మొత్తం కదిలిపోతున్నట్టు ఉంటుంది గానీ సగమే కదులుతుంది. తల్లి, పిల్లలు టౌనులో అద్దె ఇంట్లో దిగుతారు. పొలముంది, బర్రెలున్నాయి, ముసలి అమ్మానాయన ఉన్నారు, అందుకని తండ్రి ఊళ్లోనే ఉండిపోతాడు. శనివారం సాయంత్రం పాల క్యాను, కూరగాయల సంచీ పట్టుకుని బస్సెక్కుతాడు, సోమవారం పొద్దున్నే తిరిగొస్తాడు. ఇలా ఐదేళ్లు, పదేళ్లు నడిచిపోయే కాపురాలు కొమ్మిలోనూ ఉన్నాయి, చింతలదేవిలోనూ ఉన్నాయి, ఉదయగిరి దాకా ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

నేను జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ సంగతిని కూడా లెక్కలాగే చూస్తాను. ఊరు వదలొద్దని సెంటిమెంటు చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. పిల్లల చదువు కోసం ఇల్లు మారడం తప్పేమీ కాదు. కొన్ని ఇళ్లకు అదే దారి. కానీ మారేముందు ఎంతమంది లెక్క కడుతున్నారు? వెళ్లే చోట ఏముందో, వదిలే చోట ఏముందో చూసి కదిలేవాళ్లు ఎంతమంది? పెళ్లి సంబంధమంటే మూడు ఊళ్లు తిరిగి, ఆరుగుర్ని అడిగి గానీ మాటివ్వం. బడి విషయంలో మాత్రం పక్కింటివాళ్లు పోయారని మనమూ పోతాం.

ముందు డబ్బు సంగతి చూద్దాం. చాలామంది ఫీజు ఒక్కటే ఖర్చనుకుంటారు. ఊళ్లో సొంత ఇంటికి అద్దె లేదు, టౌనులో నెలనెలా కట్టాలి. ఊళ్లో పాలు, పెరుగు, ఆకుకూర, మునక్కాయ కొనేవి కావు. అక్కడ పాల ప్యాకెట్టుతో తెల్లారుతుంది. నీళ్ల క్యాన్లు, ఆటో, ట్యూషను, రెండిళ్ల కరెంటు బిల్లు, వారం వారం బస్సు చార్జీ. అన్నిటికన్నా పెద్ద ఖర్చును ఎవరూ రాసుకోరు. ఊళ్లో ఉన్నప్పుడు ఆ తల్లి పొలంలోనో, పాడి దగ్గరో రోజుకింత సంపాదించేది. టౌనులో ఆ చేతులకు పని లేదు. పోయిన ఆదాయం కూడా ఖర్చే కదమ్మా. ఇక తల్లికి వందనం డబ్బులు. 2025 జూన్ నుంచి ఇస్తున్న ఆ పథకంలో బిడ్డకు 15,000 రూపాయలు. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడతాయి. అవి సర్కారు బడిలో చదివినా వస్తాయి, ప్రైవేటులో చదివినా వస్తాయి. ప్రైవేటుకు పోతే ఫీజులో కలిసిపోతాయి, ఊళ్లో ఉంటే చేతిలో మిగులుతాయి. తేడా అంతే.

ఇంత ఖర్చుకు ఏమొస్తుంది? ఇది నా సొంత అభిప్రాయంతో తేల్చే ప్రశ్న కాదు. దీని మీద మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఒక పెద్ద పరీక్ష జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఐదు జిల్లాల్లో 180 గ్రామాలు తీసుకుని 2008లో మొదలుపెట్టారు. సర్కారు బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులను అడిగి, ఇష్టపడ్డవాళ్లలో లాటరీ తీశారు. పేరొచ్చిన పిల్లల్ని ప్రైవేటు బడిలో చేర్పించి ఫీజు, పుస్తకాలు, యూనిఫారం ఖర్చు భరించారు. పేరు రానివాళ్లు సర్కారు బడిలోనే ఉన్నారు. రెండేళ్ల తర్వాత ఒకసారి, నాలుగేళ్ల తర్వాత ఒకసారి రెండు గుంపులకూ ఒకే పరీక్ష పెట్టి చూశారు. తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. ప్రైవేటుకు పోయినవాళ్లకు హిందీ మాత్రం బాగా వచ్చింది. 2015లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

అవి ఊళ్లలో ఉండే ప్రైవేటు బళ్లు, టౌనులో పెద్ద బళ్లు కావు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంకోటీ ఒప్పుకోవాలి. ఆ ప్రైవేటు బళ్లు పిల్లవాడికి పెట్టే ఖర్చు సర్కారు పెట్టే దాంట్లో మూడో వంతు కూడా లేదు. తెలుగుకు, లెక్కలకు వాళ్లు కేటాయించే పీరియడ్లు కూడా తక్కువే. అంత తక్కువతో అదే ఫలితం తెచ్చారంటే సర్కారు టీచర్లం మేం తలెత్తుకుని తిరగాల్సిన విషయం కాదది. కానీ అమ్మానాన్నల వైపు నుంచి చూస్తే లెక్క వేరు. పైకి తేడా ఏమీ కనపడని చోట పెట్టుబడి పెట్టేముందు బోర్డును చూసి కాకుండా లోపల ఎవరు చెబుతున్నారో చూసి పెట్టాలి.

ఇప్పుడు కాస్త దూరం పోదాం. మన జిల్లా నుంచి అమెరికా పోయినవాళ్లు కూడా బడిని బట్టే ఇల్లు చూసుకుంటారు. టెక్సాస్‌లో ఫ్రిస్కో, న్యూజెర్సీలో ఎడిసన్, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, ఏ ఊరి పేరు చెప్పినా మనవాళ్లు ముందు అడిగేది అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ ఎలా ఉందని. గమ్మత్తేమంటే వాళ్లు వెతికేది ప్రైవేటు బడి కోసం కాదు, సర్కారు బడి కోసం. లక్షల డాలర్ల అప్పు చేసి ఇల్లు కొనేది ఆ ఉచిత బడి గీత లోపల పడటానికి. ఇల్లు ఏ గీత లోపలుంటే ఆ బడే. రోడ్డుకు అవతలి ఇంటి పిల్లవాడు వేరే బడికి పోవచ్చు. చాలా రాష్ట్రాల్లో ఆ బడి ఖర్చుకు పెద్ద ఆధారం ఆ ప్రాంతపు ఇళ్ల మీద వేసే పన్ను. ఖరీదైన ఇళ్లున్న చోట బడికి డబ్బు ఎక్కువ, పేదవాడలో తక్కువ. దీని మీద శాన్ ఆంటోనియో నగరంలో డిమెట్రియో రోడ్రిగెజ్ అనే కార్మికుడు, ఇంకొందరు తల్లిదండ్రులు 1968లో కోర్టుకు పోయారు. 1973లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 తేడాతో, ఆ పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధం కాదని తీర్పిచ్చింది. ఆ ఒక్క ఓటు తేడా ఇప్పటికీ అక్కడ ఇళ్ల ధరల్లో కనపడుతూనే ఉంటుంది.

మనకా గీత లేదు. ఈ ముక్క మనవాళ్లకు చాలామందికి తెలియదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కిలోమీటరు లోపల ప్రాథమిక పాఠశాల, మూడు కిలోమీటర్ల లోపల ప్రాథమికోన్నత పాఠశాల ఉండాలని మన నిబంధనలు చెబుతాయి. అది సర్కారు నెత్తిన పెట్టిన బాధ్యత, మన కాళ్లకు వేసిన గొలుసు కాదు. గరిమెనపెంట పిల్లవాడు కొండాపురం బడిలో చేరతానంటే ఎవరూ కాదనకూడదు. మీ ఊళ్లో బడి బాగాలేకపోతే ఇల్లు మార్చక్కర్లేదు, బడి మార్చండి. బస్సు దిగి నడిచిపోయే దూరంలో ఇంకో సర్కారు బడి బాగుందేమో ముందు కనుక్కోండి. చిరునామా లెక్కలోకొచ్చేది ఒక చోటుంది. ప్రైవేటు బళ్లలో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేదపిల్లలకు ఇవ్వాలన్న నిబంధన కింద దరఖాస్తు పెడితే, కిలోమీటరు లోపల ఉన్నవాళ్లకు ముందు వరస, తర్వాత మూడు కిలోమీటర్ల వాళ్లకు.

సర్కారు బడి కోసం జనం ఎగబడరని కూడా అనుకోవద్దు. సిద్దిపేట ఇందిరానగర్ జిల్లా పరిషత్తు హైస్కూలు ముందు సీట్లు లేవని బోర్డు పెట్టడం ఏటా పత్రికల్లో చూస్తాం. మన నెల్లూరులోనే భక్తవత్సలనగర్ కేఎన్ఆర్ మున్సిపల్ హైస్కూలు అలాంటి బోర్డు పెట్టింది. నూటయాభై ఏళ్ల చరిత్ర ఉన్న వీఆర్ హైస్కూలు, మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు చదివిన బడి, కొన్నేళ్లు మూతపడి ఉండి 2025 జూలైలో మున్సిపల్ హైస్కూలుగా మళ్లీ తెరుచుకుంది. తెరవగానే సీట్లు నిండిపోయాయి. జనానికి సర్కారు మీద కోపం లేదు. చెప్పే టీచరు, కూర్చోబెట్టే గది, శుభ్రమైన మరుగుదొడ్డి కనపడితే వస్తారు.

అయితే అవన్నీ టౌను బళ్లు. మన ఊళ్లలో బడి ఎందుకు చిక్కిపోతోంది? దీని మూలం టీచర్ పోస్టుల లెక్కలో ఉంది. పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు ఇస్తారు. ఊళ్లో నలభై మంది ఉన్నప్పుడు ఇద్దరు టీచర్లు. పది ఇళ్లు కావలి పోయాయి, పిల్లలు తగ్గారు, రేషనలైజేషన్‌లో ఒక టీచరు సర్‌ప్లస్ అయి వేరే ఊరికి పోయాడు. మిగిలిన ఒక్కరే ఐదు తరగతులు చూడాలి. ఆయన ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి గోడ మీద బల్లిని చూస్తుంటుంది. మండల ఆఫీసులో మీటింగు అని ఆయన పోతే ఆ పూట అయిదూ ఖాళీ. "ఒక్కడే అయివారు, ఏం చెబుతాడు?" అని ఇంకో పది ఇళ్లు కదులుతాయి. వెళ్లినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ వెళ్లిన ప్రతి ఇల్లూ ఉండిపోయిన ఇంటి పిల్లవాడి టీచర్ను కూడా కొంచెం లాగేసుకుని పోతుంది. ఉండిపోయేది ఎవరు? కూలికి పోయేవాళ్లు, ఎస్సీ కాలనీ వాళ్లు, అవ్వతాతల దగ్గర వదిలిన పిల్లలు.

ఈ మధ్య సర్కారు వైపు నుంచి కూడా అటూ ఇటూ చాలా మార్పులు జరిగాయి. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 కింద చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను ఎత్తి దగ్గరి హైస్కూల్లో కలిపారు. ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2025లో ఆ జీవోను తీసేసి, బళ్లను తొమ్మిది రకాలు చేసి, వాటిలో మోడల్ ప్రైమరీ స్కూలు అని ఒకటి పెట్టింది. అందులో తరగతికొక టీచరు. నా మటుకు నాకు ఇన్నేళ్లలో విన్న మంచి మాట ఇదే. ఒకటి నుంచి ఐదు దాకా తరగతికొక టీచరు ఉన్న సర్కారు బడి మీకు బస్సు దూరంలో ఉంటే, ఆ ఐదేళ్లూ కాపురం కదిలించే అవసరం లేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. దాదాపు పదహారు వేల మంది కొత్త టీచర్లు ఆ సెప్టెంబరులో నియామక పత్రాలు అందుకున్నారు. నాలుగేళ్ల కింద మీరు చూసిన బడి, ఇప్పటి బడి ఒకటే అనుకోవద్దని ఇందుకే చెబుతున్నాను. మంచికో చెడుకో, మారి ఉంటుంది.

టీచర్లు ఊళ్లో కాపురం ఉండరు అనేది ఇంకో ఫిర్యాదు. నిజమే. మా తరంలో సగం మంది ఊళ్లోనే గది తీసుకుని ఉండేవాళ్లం. ఇప్పుడు కావలి నుంచో, ఆత్మకూరు నుంచో పొద్దున బస్సుకొస్తారు, సాయంత్రం బస్సుకు పోతారు. బదిలీల్లో, రోడ్డు కూడా సరిగా లేని నాలుగో కేటగిరీ ఊళ్లో పనిచేస్తే ఏడాదికి 5 పాయింట్లు, టౌను దగ్గరి ఒకటో కేటగిరీలో అయితే 1 పాయింటు. కష్టపు ఊళ్లో నాలుగేళ్లు చేస్తే మంచి చోటికి పోవచ్చు. అంటే మారుమూల బడికి వచ్చే టీచరు చూపు మొదటిరోజు నుంచే బయటకు పోయే దారి మీద ఉంటుంది. ఆయన పిల్లలూ టౌనులోనే చదువుతుంటారు, మన ఊరి రైతు పిల్లల పక్క బెంచీలోనే. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు, ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ల పిల్లలు ప్రభుత్వ బళ్లలోనే చదవాలని ఉత్తరప్రదేశ్‌కు ఆదేశమిచ్చింది. కాగితం మీద ఎంతో బాగుంది. తర్వాత ఏమైందో ఊహించడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు.

ఆ మధ్య వింజమూరు బస్టాండులో ఒకమ్మ పలకరించింది. మూడో తరగతి పిల్లవాడు పక్కనున్నాడు. "ఈ ఏడు కావలికి పోతుండాం సార్. ఈడ సదువేం రాదు. వోడికి ఇంగ్లీషు రావాల" అంది.

"మీ ఊరి బడిలో ఇప్పుడు ఎంతమంది టీచర్లమ్మా?" అన్నాను.

"ఏమో సార్, ముగ్గురో నలుగురో ఉండారు."

"పోయి ఎప్పుడన్నా చూశావా?"

"పోలేదు సార్. అందరూ పోతుండారు గదా..."

ముగ్గురో నలుగురో టీచర్లున్న బడిని వదిలి ఆమె పోతోంది. ఇంగ్లీషు అంటారా, ఊరి బడి పుస్తకం తెరిచి చూస్తే ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాష. 2020 నుంచి మన సర్కారు పుస్తకాలు అలాగే వస్తున్నాయి. ఆ పుస్తకం ఆమె ఇంట్లోనే ఉండి ఉంటుంది.

ఆ పిల్లవాడు మూడో తరగతి అని వినగానే నాకు ఇంకో విషయం తట్టింది. ఈ రోజు ప్రసంగంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి.

మన జిల్లా నవోదయ విద్యాలయం ఎక్కడుంది? నెల్లూరులో లేదు, కావలిలో లేదు. మర్రిపాడు మండలం కృష్ణాపురంలో ఉంది, మన మెట్టలోనే. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా చదువు, బస, భోజనం కేంద్ర ప్రభుత్వం చూసుకుంటుంది. ఏటా ఆరో తరగతిలో 80 సీట్లు. ప్రవేశ పరీక్ష తెలుగులో రాయొచ్చు. ఆ 80 సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. గ్రామీణ పిల్లవాడంటే ఎవరు? తాతగారి ఊరు పల్లెటూరైతే చాలదు. మూడు, నాలుగు, ఐదు తరగతులు, మూడూ పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని బడిలో చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్కరోజు పట్టణపు బడిలో చదివినా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. కావలి మున్సిపాలిటీ. అక్కడి బడిలో మూడో తరగతిలో చేర్చిన రోజునే మీ బిడ్డ ఆ 75 శాతం లోంచి బయటికొచ్చి, మిగతా సీట్లకు టౌను పిల్లలతో పోటీ పడాలి. ఇంకొక నిబంధన, ఐదో తరగతి ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా నవోదయకే పరీక్ష రాయాలి. బెంగుళూరులో ఐదో తరగతి చదివే పిల్లవాడికి కృష్ణాపురం దారి లేదు. ఇంటికి దగ్గర్లో అంత మంచి సర్కారు బడి పెట్టుకుని, దాని తలుపు మన చేత్తోనే మూసేసి, ఆ తర్వాత లక్షలు పోసి ఫీజు కడుతున్నాం.

ఎనభై మందిలో మావాడికెక్కడ వస్తుంది అంటారు. సరే, రాకపోవచ్చు. ఇంకా ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో జాతీయ ప్రతిభా ఉపకార వేతనం పరీక్ష ఉంది, ఎన్ఎంఎంఎస్ అంటారు. అది ప్రభుత్వ, పరిషత్తు, మున్సిపల్, ఎయిడెడ్ బళ్ల పిల్లలకే. ప్రైవేటు వాళ్లు రాయడానికి లేదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు బిడ్డ ఖాతాలో పడతాయి. పది తర్వాత ట్రిపుల్ ఐటీ, అంటే నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపసుల రాజీవ్ గాంధీ యూనివర్సిటీ. పదో తరగతి మార్కుల మీదే సీటు. హాస్టలు లేని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు అక్కడ 4 శాతం అదనంగా కలుపుతారు. ఒక్క మార్కుకు కిందా మీదా అయ్యే చోట నాలుగు శాతమంటే చిన్న సంగతి కాదు. మెట్ట ఊళ్ల నుంచి ట్రిపుల్ ఐటీలో చేరి ఇంజినీర్లయిన పిల్లలు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు, పరిషత్తు బడి పిల్లలే.

లోకల్ సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో ఉద్యోగానికైనా, సీటుకైనా మీరు ఏ ఊరివాళ్లనేది ఓటరు కార్డు తేల్చదు. ఎక్కడ చదివారనేది తేలుస్తుంది. ఉద్యోగాలకు 1975 రాష్ట్రపతి ఉత్తర్వు పెట్టిన పద్ధతి అది. పదో తరగతితో ముగిసే నాలుగేళ్లు వరసగా ఏ జిల్లాలో చదివితే ఉద్యోగానికి అక్కడి లోకల్. అలా కుదరకపోతే నాలుగు నుంచి పది దాకా ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ. డీఎస్సీకి దరఖాస్తు పెట్టే పిల్లలు స్టడీ సర్టిఫికెట్ల కోసం పాత బళ్ల చుట్టూ తిరిగేది అందుకే. ఉదయగిరి దగ్గర పొలాలున్న కుటుంబం, కొండ దాటితే దగ్గరని బిడ్డను కడప జిల్లాలో హైస్కూలు మొత్తం చదివిస్తే, రేపు సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టుకు ఆ బిడ్డ కడప లోకల్ అవుతుంది, నెల్లూరులో నాన్‌లోకల్. ఎక్కువ పోస్టులు లోకల్ వాళ్లకే. ఆరో తరగతిలో హాస్టలు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి ఎవరైనా చెబుతారా? చేర్పించడానికి ఇంటికొచ్చే ప్రైవేటు బడి పీఆర్ఓ అయితే చెప్పడు.

పది తర్వాత సంగతి వేరు. కాలేజీ చదువుకు కావలి పోవడం మనకు కొత్తేం కాదు. 1950ల తొలినాళ్లలో దొడ్ల రామచంద్రారెడ్డి గారు జవహర్ భారతి పెట్టినప్పటి నుంచి మెట్ట పిల్లలకు అదే కాలేజీ ఊరు. నెల్లూరు అంటే వీఆర్ కాలేజీ. 1979లో నారాయణ విద్యాసంస్థ నెల్లూరులో చిన్న కోచింగ్ సెంటరుగా మొదలయ్యాక, ఇంటర్ కోసం పోయే అలవాటు క్రమంగా హైస్కూలుకు, హైస్కూలు నుంచి ఎల్‌కేజీకి దిగింది. ఇంటర్‌కు పోవడంలో అర్థముంది. నాలుగేళ్ల బిడ్డ కోసం మొగుడూ పెళ్లాం విడిగా బతకడంలో నాకైతే అర్థం కనపడదు.

కదలాల్సిన ఇళ్లు కూడా ఉన్నాయి. ఊళ్లో బడికి ఒక్కడే టీచరు, పక్క ఊళ్లో బడికి బస్సు లేదు, అప్పుడు కూర్చుని ఎదురుచూడమని ఎవరం చెబుతాం? కళ్లో, చెవులో, కాళ్లో సరిగా లేని బిడ్డకు తగిన టీచరు టౌనులో మాత్రమే దొరికితే పోవాల్సిందే. ఆడపిల్లను హైస్కూలుకు నిర్మానుష్యమైన దారిలో పంపలేకపోతే పోవచ్చు, లేదా కస్తూర్బా విద్యాలయం చూడొచ్చు. పనికోసం ఎటూ టౌనుకు పోయేవాళ్లయితే, అక్కడ మున్సిపల్ బడి దగ్గర ఇల్లు వెతుక్కోండి. నెల్లూరులో అద్దె ఇల్లు చూసేముందు ఇందాక చెప్పిన మున్సిపల్ బళ్లలో సీటు సంగతి అడిగి, ఆ తర్వాత ఇంటి అడ్వాన్సు ఇవ్వండి. అమెరికాలో మనవాళ్లు చేస్తున్నది అదే.

బడిని ఎలా చూడాలో నాకు తెలిసింది చెబుతాను. రంగులు, టైల్స్ చూడొద్దు. నాడు-నేడు పథకంలో చాలా బళ్లకు అవి వచ్చాయి, వాటితో లెక్కలు రావు. హైస్కూలైతే హెడ్మాస్టారి గదిలో గోడకు టైం టేబుల్ ఉంటుంది. దాని ముందు రెండు నిమిషాలు నిలబడండి. ప్రతి గడిలో టీచరు పేరు పొడి అక్షరాల్లో రాసి ఉంటుంది. లెక్కలు, ఫిజిక్స్, ఇంగ్లీషు గడుల్లో పేరు ఉందా, ఖాళీగా ఉందా, ఒక సబ్జెక్టు గడిలో ఇంకో సబ్జెక్టు టీచరు పేరు ఉందా చూడండి. తెలుగు పండిట్ పేరు ఫిజిక్స్ గడిలో కనపడితే ఆ పోస్టు ఖాళీ అని అర్థం. ప్రైమరీ బడైతే నాలుగో తరగతి పిల్లవాడి లెక్కల నోటు పుస్తకం అడగండి. తప్పు దగ్గర ఎర్ర టిక్కు పెట్టారా, తప్పును దిద్ది పక్కన మళ్లీ చేయించారా? తేదీలు వారం వారం ఉన్నాయా, ఆగస్టు తర్వాత ఆగిపోయాయా? ఆ ఒక్క పుస్తకం చాలు. ఇదే పరీక్ష టౌను బడికి కూడా పెట్టండి. అక్కడ నోటు పుస్తకం చూపించమంటే ఆఫీసులో కూర్చోబెట్టి బ్రోచరు ఇస్తారు. అప్పుడూ మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

ఫోను ఉన్నవాళ్లు యూడైస్ ప్లస్ వెబ్‌సైటు చూడొచ్చు. దేశంలో ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు అందులో ఉంటుంది, ప్రైవేటు బడిది కూడా. ఇక తల్లిదండ్రుల కమిటీ. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఎన్నికలు జరిగాయి. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, అందులో సగం ఆడవాళ్లు. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? ఖాళీ పోస్టు గురించి ఒక టీచరు అర్జీ పెడితే ఫైల్లో పడి ఉంటుంది. కమిటీ తీర్మానం రాసి ఇరవై మంది తల్లులు సంతకాలు పెట్టి ఎంఈఓ ఆఫీసుకు తీసుకుపోతే కనీసం ఎవరినైనా డిప్యుటేషన్ మీద పంపుతారు. నా సర్వీసులో అలా పంపగా పోయినవాణ్ణి నేనే.

కొండాపురం, వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురం, మర్రిపాడు వైపు వింటున్న అమ్మలకు, నాయనలకు ఒక మాట. మీ బిడ్డ ఈ జూన్‌లో మూడో తరగతికి వస్తుంటే, టీసీ తీసుకునేముందు ఒక్కసారి నవోదయ నిబంధన గుర్తు తెచ్చుకోండి. ఐదో తరగతికి వస్తుంటే దరఖాస్తు ఈ ఏడే పెట్టాలి. ఒక్కసారే అవకాశం, రెండోసారి రాయనివ్వరు. దరఖాస్తు ఆన్‌లైన్లో, రుసుము లేదు. బిడ్డ చదువుతున్న బడి హెడ్మాస్టారు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. బడి తెరిచిన వారంలోనే పోయి ఆయన్ను అడగండి.